చేపల పాట, ఉబ్బసం, మా అత్త

మా ఊరు మైపాడుకు పక్కనే, సముద్రానికి ఆనుకొని ఉన్న పల్లె. పొద్దున పడవలు రాగానే చేపలను ఒడ్డు మీదే వేలం వేస్తారు. దాన్ని మేం పాట అంటాం. మా ఒడ్డున ఆ పాట నడిపేది నేను. పేరు సుజాత. ఇంటరు దాకా చదివాను గానీ నాకు అన్నం పెట్టింది చదువు కాదు, గొంతు. పెళ్ళయి వచ్చిన కొత్తలో మా ఆయన శీనయ్య తెచ్చిన చేపలకు ధర పలికించడానికి ఒకనాడు గొంతెత్తాను. అలల హోరు మీదుగా ఆ చివరి పడవ దాకా వినపడిందట. అప్పటి నుంచి తక్కిన పడవల వాళ్ళు కూడా “నువ్వే పాడక్కా” అన్నారు.

అలాంటి గొంతు, పోయిన ఏడాది కార్తీక మాసంలో, పాట మధ్యలో ఆగిపోయింది. ఎందుకు ఆగిందో, మళ్ళీ ఎలా లేచిందో చెప్పమని ఒడ్డున ఆడవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికి ఒక్కో ముక్క చెబుతూ వచ్చాను. అంతా ఒకచోట రాసిపెడితే వాళ్ళకూ, వాళ్ళలా అవస్థ పడే ఇంకెవరికైనా పనికొస్తుందని రాస్తున్నాను. నిజం చెప్పాలంటే ఇందులో సగం నా కథ కాదు, మా అత్త కథ. ఆ సంగతి నాకే చాలా ఆలస్యంగా తెలిసింది.

ఆ రోజు ముసురు వెలిసి చలిగాలి తిరిగింది. శీనయ్య పడవకు వంజరాలు పడ్డాయి. పెద్దవి, వెన్ను మీద నీలం ఇంకా ఆరనివి. నెల్లూరు నుంచి వచ్చిన వ్యాపారి ఒకాయనా, మైపాడు ఆయన ఇంకొకాయనా పట్టుదలకు పోయి ధర పెంచుతున్నారు. నాకు ఉషారెక్కింది. ఒకటోసారి అన్నాను. రెండోసారి అన్నాను. మూడోసారి అనడానికి నోరు తెరిస్తే మాట రాలేదు.

ఉబ్బసం అంటే గాలి లోపలికి పోకపోవడం అనుకుంటారు. నాకైతే లోపలున్న గాలి బయటికి రావడమే కష్టమైంది. రొమ్ము నిండా పాత గాలి బిగుసుకుపోయి, కొత్తదానికి చోటు లేకుండా పోయింది. లోపల పిల్లికూతలు నా చెవులకే వినపడుతున్నాయి.

“ఏందక్కా, ఇంకా పెరగాలని కాసుకోనుండావా?” అని నెల్లూరు వ్యాపారి పరాచికమాడాడు. అందరూ నవ్వారు. నేను ఇసకలో చతికిలబడ్డాను. అప్పటికి గానీ వాళ్ళ నవ్వు ఆగలేదు.

రొంట్లో ఆయాసానికి పీల్చే నీలం పఫ్ ఉంది. తీసి పీల్చాను. మళ్ళీ పీల్చాను. ఎప్పుడూ చిటికెలో దారిచ్చేది, ఆ రోజు ఇవ్వలేదు. శీనయ్య పడవలో నుంచి దూకి పరుగెత్తుకొచ్చి నన్ను చేతుల మీద ఎత్తుకున్నాడు. చేపలు తీసుకుపోవడానికి వచ్చిన ఆటోలోనే ఎక్కించాడు. ఎవరూ పిలవకుండానే మా అత్త కావమ్మ వచ్చి నా పక్కన కూర్చుంది. నెల్లూరు దాకా ఒక్క మాట లేదు. నా వీపు మీద అరచెయ్యి ఆనించి అలాగే ఉంచింది.

మా అత్త సంగతి ఇక్కడే చెప్పాలి. ఆమె మాటకు పిసినారి అని ఊరంతా అంటారు. అడిగినదానికి ఊఁ, ఊహూఁ, అంతే. కాపురానికి వచ్చిన కొత్తలో నా మీద కోపమేమో అనుకునేదాన్ని. తర్వాత తర్వాత, ఆమె అందరితోనూ అంతేనని తెలిసి సర్దుకున్నాను. శీనయ్య చిన్నతనంలోనే వాళ్ళ నాన్న పోయాడు. పిల్లవాణ్ణి ఒంటిచేత్తో సాకిన మనిషి, ఆ కష్టానికే మాటలు ఎండిపోయాయి కాబోలు అనుకునేదాన్ని.

ఆసుపత్రిలో మూతికి తొడుగు పెట్టి పొగలాంటి మందు పట్టారు. సూదులు వేశారు. భయపడ్డావా అని తర్వాత చాలామంది అడిగారు. చచ్చిపోతానేమో అన్నంత పెద్ద ఆలోచన ఆ సమయంలో రాదు. ఈ ఒక్క ఊపిరి ఆడితే చాలు అనిపిస్తుంది. అది ఆడాక, ఇంకొక్కటి. అంతే. భయం అసలు వచ్చింది మరుసటి రోజు, కాస్త తేరుకుని వార్డులో పైకప్పు చూస్తూ పడుకున్నప్పుడు. ఇక నా గొంతు పనికిరాదేమో అని.

ఆ వార్డులో నాకు బాగా గుర్తున్నది మందులు కాదు, ఒక దువ్వెన. పక్క మంచం ఆవిడకు తోడుగా వచ్చిన చెల్లెలు, చిట్టమూరు వైపు మనిషి. నా తల అట్టలు కట్టి ఉండటం చూసి, దువ్వెన తెచ్చి మంచం మీద నా వెనకాల కూర్చుంది.

“జడేసుకుంటే రోగం సగం పొయినట్టుంటదక్కా. నేను మా అక్కకి రోజూ ఏస్తా” అంటూ చిక్కులు తీసి జడ వేసింది. ఆమె పేరు కూడా నేను అడగలేదు. ఆ జడతోనే ఇంటికి వచ్చాను.

ఇది ఒక్క రోజులో వచ్చిపడిన జబ్బు కాదు. రెండు వానాకాలాలుగా దగ్గు తగులుకుని ఉంది. ఎండుచేపల దుమ్ము, పొయ్యి పొగ, చలిగాలి, ఏది తగిలినా రొమ్ము పట్టేసేది. మందుల షాపులో చెబితే నీలం రంగు పఫ్ ఇచ్చారు. పీల్చిన కాసేపటికి హాయిగా ఉండేది. మొదట్లో ఎప్పుడో ఒకసారి. తర్వాత వారానికి రెండు మూడు సార్లు. చివరికి ప్రతి పాటకు ముందూ పడవ చాటుకు పోయి పీల్చుకుని వచ్చేదాన్ని. చాటుకు ఎందుకంటే, పఫ్ పట్టిన మనిషి పని అయిపోయినట్టే అని మా వైపు ఒక నమ్మకం. పఫ్‌ను అత్త పీపీ అనేది. “ఆ పీపీ పట్టినోళ్ళు మళ్ళా వదల్లా” అని, ఆమె మాట్లాడే కాసిని మాటల్లో ఇదొకటి.

కార్తీకం వెళ్ళేలోపల నన్ను ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి పంపారు. అక్కడి హాలులో చాలాసేపు కూర్చోవాల్సి వచ్చింది. నా ఎదురుగా బుచ్చిరెడ్డిపాలెంలో వడ్ల వ్యాపారం చేసే పెద్దాయన ఉన్నాడు. తెల్ల పంచె, జేబులో కళ్ళజోడు. మాట్లాడుతూ మాట్లాడుతూ జేబులో నుంచి పఫ్ తీసి, అంతమంది మధ్య తాపీగా పీల్చి, మూత పెట్టి, మళ్ళీ జేబులో వేసుకున్నాడు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను.

“ఏమ్మా, అట్టా చూస్తుండావు?”

“అందరిలో... సిగ్గు గాదా అన్నా?”

ఆయన జేబులో కళ్ళజోడు తీసి ముక్కు మీద పెట్టుకున్నాడు. “దీనికి సిగ్గు పడాల్నా? చూపు ఆనకపోతే ఇది. ఊపిరి ఆడకపోతే అది. నా వడ్ల కొట్లో ఊక దుమ్ముకి నాకొచ్చింది. ఇరవై ఏళ్ళ నాడు మా తమ్ముడు పెళ్ళిలో కూడా కూర్చోలేక లేచిపొయినా. నిన్న మనవరాలి పుట్టినరోజుకి బుడగలన్నీ నేనే ఊదినా!”

ఆ బుడగల మాటకు నాకు నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. ఆయన లేచి వెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు.

డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ముందు ఒక గొట్టం ఇచ్చి బలమంతా పెట్టి ఊదమంది. ఊదాను. దానిలోని ముల్లు కొంచెం లేచి పడిపోయింది. అలల మీదుగా అరిచే నా ఊపిరికి అంతేనా విలువ అని కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

“ఏడవకు. నీ గొంతు బాగానే ఉంది. గాలి పోయే గొట్టాలు వాచాయి” అంది ఆమె. “నువ్వు వాడే నీలం పఫ్ కాసేపు గొట్టాన్ని తెరుస్తుంది. వాపును ముట్టుకోదు. అందుకే మళ్ళీ మళ్ళీ కావాల్సొస్తోంది. అది ఎక్కువ సార్లు కావాల్సొస్తుందంటే మందు పని చేస్తుందని కాదమ్మా, జబ్బు ముదురుతోందని.”

ఇంకొక పఫ్ నా ముందు పెట్టింది. “ఇందులో రెండు మందులు కలిపి ఉంటాయి. ఒకటి వాపు తగ్గించేది. రెండోది గొట్టాలను పూటంతా తెరిచి ఉంచేది. ఆ రెండోదాన్ని ఉబ్బసానికి ఒంటరిగా వాడకూడదు, వాపు మందు తోడు ఉండాల్సిందే. అందుకే రెండూ ఒక్కదాంట్లోనే పెట్టారు. పొద్దున, సాయంత్రం. బాగున్నా సరే, బాగాలేకున్నా సరే.”

“అలవాటైపోతాది అంటుండారు మేడం.”

“మత్తు మందైతే అలవాటవుతుంది. దీని మీద నీకు యావ పుట్టదు. మానేస్తే వాపు తిరిగొస్తుంది, అంతే.”

తర్వాత పీల్చడం నేర్పించింది. అది కూడా నేర్చుకోవాలా అనుకున్నాను. ఇన్నాళ్ళూ నేను పీల్చిన పద్ధతి చూపించమంటే చూపించాను. నోటి మూలల్లో నుంచి తెల్లగా పొగ బయటికి పోయింది.

“మందంతా గదికి పెట్టావు. నీకేం మిగిలింది?” అని నవ్వింది. పఫ్‌కు తగిలించే ప్లాస్టిక్ బుడ్డి ఒకటి ఇచ్చింది. దాన్ని స్పేసర్ అంటారు. బాగా ఊపాలి, లోపలి గాలి వదిలేయాలి, పెదాలు బిగించాలి, నొక్కాలి, నెమ్మదిగా నిండుగా పీల్చాలి, పట్టి ఉంచాలి. ఆఖర్న నీళ్ళు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నోరు పూస్తుంది. నీలం పఫ్‌ను పారేయొద్దనీ, అవసరానికి దగ్గర పెట్టుకోమనీ చెప్పింది.

మందు తీసుకుని ఇంటికైతే వచ్చాను గానీ, మార్గశిరం నెలంతా ఇంట్లో యుద్ధమే. శీనయ్యకు భయం పట్టుకుంది. సముద్రం మీద ఎంత గాలి లేచినా బెదరని మనిషి, నేను తుమ్మితే లేచి నిలబడేవాడు.

“ఇంక నువ్వు పాట మానెయ్. రమణయ్యకి చెప్పినా, వాడు చూసుకుంటాడు” అన్నాడు. రమణయ్య ఆయన చిన్నాన్న కొడుకు.

“నన్నడగకుండానే చెప్పినావా?”

“నువ్వు ఇసకలో పడినప్పుడు నన్నడిగి పడినావా?”

ఆ మాటకు ఇద్దరికీ నవ్వొచ్చి ఉండాల్సింది. రాలేదు. చాలా రోజులు సరిగ్గా మాట్లాడుకోలేదు. పొద్దున పూట నేను గడపలో కూర్చుని, దూరం నుంచి రమణయ్య పాట వినేదాన్ని. వినేదాన్ని అనకూడదు, వినపడితే గదా! బంగారం లాంటి మనిషి, గొంతు మాత్రం పసిబిడ్డను నిద్రపుచ్చేదానిలా ఉంటుంది. ముందు నిలబడ్డ ఇద్దరికే వినపడి, వాళ్ళిద్దరే పాడుకుని పోతున్నారట. బుట్టల ఆడవాళ్ళు మా ఇంటికొచ్చి మొత్తుకున్నారు. “నువ్వెప్పుడొస్తావు సుజాతా? వాడు పాట పాడతా ఉంటే మాకు నిద్రొస్తాది” అని ఒకామె ఆవులించి చూపించింది.

రెండో గొడవ పొయ్యి గురించి. గ్యాస్ ఉన్నా, చేపల పులుసు మాత్రం కట్టెల పొయ్యి మీద మట్టి దాకలోనే వండాలని మా అత్త పట్టు. పొగ తగలకూడదని డాక్టరమ్మ చెప్పిందని నేను అంటే ఆమె ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. మర్నాడు చూస్తే పొయ్యి రాళ్ళు ముంగిట్లో లేవు. ఆమె ఒక్కతే ఒక్కొక్క రాయి మోసుకుపోయి పెరటి చివర, గాలి సముద్రం వైపు కొట్టుకుపోయే చోట పెట్టుకుంది. నెత్తళ్ళ లాంటి చిన్న చేపలు ఎండబెట్టే చాప కూడా అక్కడికే పోయింది. నా కోసం తన వంటిల్లు మార్చుకుని, ఆ మాట నాతో అనని మనిషిని ఏమనాలో నాకు తెలియలేదు. తానే ఆ పొగలో కూర్చుని వండుతుందన్న ఆలోచన మాత్రం అప్పుడు నాకు రాలేదు.

కొత్త మందు మొదటి రోజున ఏ మాయా చేయలేదు. మొదటి వారంలోనూ అంతే. నీలం పఫ్‌లా వెంటనే తెలియదు ఇది. అందుకే చాలామంది విసుగొచ్చి మానేస్తారట. నాకు తెలిసింది ఇలా. ఒక పొద్దున బిందెతో ఇసక దిబ్బ ఎక్కి దిగి ఇంటికి వచ్చాను. బిందె దించాక గుర్తొచ్చింది, మధ్యలో ఎక్కడా ఆగలేదని. మళ్ళీ ఖాళీ బిందె తీసుకుని ఎక్కాను, నిజమేనా అని. నిజమే. దిబ్బ మీద నిలబడి గట్టిగా “ఓ...” అని అరిచాను. కింద వల బాగు చేసుకుంటున్న శీనయ్య ఏమైందోనని వల పారేసి పరుగెత్తుకొచ్చాడు. నేను నవ్వుతూ ఉంటే ముందు తిట్టాడు, తర్వాత తనూ నవ్వాడు. ఆ నవ్వుతో మా మాటలు కలిశాయి.

ఆ తర్వాత సంతోషాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. అన్నీ చిన్నవే. ఒక్క దిండు మీద వెల్లకిలా పడుకోవడం. అన్నం తింటూ మాట్లాడటం. పాటకు పోయేముందు ఏ పడవ చాటుకూ పోనక్కర లేకపోవడం. గొట్టం ఊదితే ముల్లు ఎక్కడికో పోయింది, డాక్టరమ్మ చప్పట్లు కొట్టింది. బాగైంది గదా, ఇంక ఎందుకు వాడటం అని చుట్టాలు మొదలుపెట్టారు. నాకూ ఒకటి రెండు సార్లు అలాగే అనిపించింది. బాగైంది కాబట్టి వాడటం కాదు, వాడుతున్నాం కాబట్టి బాగుందని డాక్టరమ్మ ఫోనులో చెప్పింది. ముందు ముందు మోతాదు తగ్గించొచ్చేమో, అది తాను చూసుకుంటానంది.

పాటకు తిరిగి వెళ్ళిన రోజు శీనయ్యే నన్ను వెంటబెట్టుకుని పోయాడు. రమణయ్య నన్ను చూసి, “అమ్మయ్య, వచ్చినావా వదినా!” అని పాట మధ్యలోనే పక్కకు జరిగాడు. ఎదురుగా కానాగంత చేపల గుట్ట. నేను గొంతెత్తాను. ఆ చివర ఐసు పెట్టెల దగ్గర టీ తాగుతున్న వ్యాపారులు గ్లాసులు పట్టుకునే లేచి వచ్చారు. మూడోసారి అన్నాను, హాయిగా, సాగదీసి. బుట్టల ఆడవాళ్ళు ఈలలు వేశారు. పెద్ద వయసు ఆడవాళ్ళు వేలు నోట్లో పెట్టుకుని ఈల వేయడం నేను అదే మొదటిసారి చూడటం.

ఇంతవరకే అయితే ఇది నా కథే.

వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని వేట ఆపేస్తారు. పడవలన్నీ ఒడ్డునే ఉంటాయి, పాట ఉండదు. ఆ రోజుల్లో ఒక సాయంత్రం నేనూ మా అత్తా బంధువుల ఇంటి సీమంతానికి నడిచి పోతున్నాం. ఏళ్ళ తరబడి ఇద్దరం కలిసి నడిచిన దారే. ఆ రోజు నేను మాటిమాటికీ ముందుకు పోతున్నాను, ఆగి వెనక్కి చూస్తున్నాను. ఆమె ఒక కంచె దగ్గర నిలబడి ఎవరి పెరట్లోనో మునగచెట్టు చూస్తోంది. ఇంకొంచెం దూరం పోయాక వంగి కాలి చెప్పు సర్దుకుంది. తర్వాత కొంగు తీసి మళ్ళీ దోపుకుంది. తర్వాత సముద్రం వైపు తిరిగి ఏదో పడవను చూస్తున్నట్టు నిలబడింది. అటు పడవేమీ లేదు.

నా కాళ్ళు ఆగిపోయాయి. ఆ మునగచెట్టు, ఆ చెప్పు, ఆ కొంగు, ఆ లేని పడవ, అన్నీ నాకు తెలుసు. అన్నీ నేను చేసినవే. ఊపిరి అందనప్పుడు ఎవరికీ తెలియకుండా ఆగడానికి నేను వాడుకున్న సాకులే. ఈ రెండేళ్ళూ ఇద్దరం ఆగుతూ ఆగుతూ నడిచాం కాబట్టి, ఆమె ఆగుతోందని నేను గమనించనే లేదు.

వెనక్కి నడిచి ఆమె పక్కన నిలబడ్డాను. దగ్గరగా వింటే సన్నగా కూత వినపడింది.

“అత్తా, నీకెన్నేళ్ళుగా ఉండాది ఇది?”

“ఏంది?”

“ఆయాసం.”

“వయసు” అంది. రెండడుగులు వేసి మళ్ళీ నిలబడింది.

“నీకంటే పెద్దోళ్ళు బుట్ట నెత్తిన పెట్టుకోని మైపాడు పోయొస్తుండారు. వయసు గాదు.”

 నేను అక్కణ్ణుంచి కదల్లేదు. చివరికి ఒక్కొక్క మాట విడివిడిగా పేర్చుకుంటూ చెప్పింది. “శీనయ్య చంకలో ఉన్నప్పట్నుంచి. పొయ్యి కాడ ఎక్కువైతాది. నడిస్తే నడవనీదు. మాట్లాడితే... మాట్లాడనీదు. అందుకే మాట్లాడను.”

అందుకే మాట్లాడను. ఆ మాట విని నేను రోడ్డు మీదే ఏడ్చేశాను. ఊరంతా పిసినారి అన్నది, నేను కోపం అనుకున్నది, శీనయ్య తల్లి స్వభావం అనుకున్నది, అంతా ఊపిరి చాలకపోవడం. ఉన్న కాస్త ఊపిరినీ ఆమె నడకకు, పనికి, బిడ్డకు దాచుకుని, మాటల దగ్గర మిగుల్చుకుంటూ వచ్చింది.

“ఏడవబాకమే, సీమంతానికి పోతా” అని నా కళ్ళు తన కొంగుతో తుడిచింది.

ఆమెను నెల్లూరు బస్సు ఎక్కించడం మాత్రం తేలిక కాలేదు. “నాకా పీపీ వద్దు” అని ఒకటే మాట. నీదాంట్లో ఒకసారి పీల్చి చూస్తాలే అంది ఒక రోజు. నేను ఒప్పుకోలేదు. నా మందు నా రోగానికి ఇచ్చింది, ఆమె రోగం ఏమిటో ముందు తెలియాలి గదా. ఆఖరికి శీనయ్య ఆమె ముందు కూర్చుని, “నువ్వు రాకపోతే నేను వేటకు పోనుమా” అన్నాడు. వేట నిషేధంలో ఆ బెదిరింపుకు అర్థం లేదని ఆమెకూ తెలుసు. నవ్వింది. నవ్వితే దగ్గింది. దగ్గు తగ్గాక, “సరే, రేపు” అంది.

డాక్టరమ్మ గొట్టం ఇచ్చి ఊదమంది. అత్త కళ్ళు మూసుకుని, కొంగు బిగించి ఊదింది. ముల్లు కదిలీ కదలనట్టు కదిలింది. ఆమె గొట్టాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, “ఇది చెడిపొయ్యుండాది. వేరేది తెప్పీమ్మా” అంది. డాక్టరమ్మకు నవ్వాగలేదు.

పరీక్షలన్నీ అయ్యాక ఆమె మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పింది. ఇది నా ఉబ్బసం లాంటిది కాదట. ఏళ్ళ తరబడి పొయ్యి పొగ పీల్చి గాలి గొట్టాలు ఇరుకైపోయాయి. పోయినదంతా వెనక్కి రాదు. కానీ గొట్టాలను రోజంతా తెరిచి ఉంచే మందు ఉంది, రోజూ పీలిస్తే నడకా మాటా తేలికవుతాయి. కట్టెల పొయ్యి మాత్రం మానాల్సిందే. ఆమె మందు వేరు, నాది వేరు, కలపకూడదు. గుర్తుకు నా పఫ్‌కు ఎర్ర దారం కట్టాను.

మట్టి దాకను గ్యాస్ పొయ్యి మీదికి ఎక్కించిన మొదటి రోజు అత్త ముఖం చూడాల్సింది. పులుసు నోట్లో పెట్టుకుని, మామిడికాయ ముక్క చప్పరించి, చాలాసేపు ఆలోచించి, “పరవాల్యా” అంది.

అప్పటి నుంచి పొద్దున పూట మా పెరట్లో ఇద్దరం పక్కపక్కన నిలబడి మందు పీల్చి నీళ్ళు పుక్కిలిస్తున్నాం. పక్కింటామె గోడ మీద నుంచి తొంగిచూసి, “ఏంది, అత్తా కోడళ్ళు పొద్దున్నే పోటీలా?” అని అడుగుతూ ఉంటుంది.

ముందుగా మార్పు కనిపించింది శీనయ్యకు. ఒకనాడు మధ్యాహ్నం అన్నం తింటున్నాం. పీతల కూర. అత్త ఒక పీత డెక్క విరుస్తూ, మామూలుగా, అడగకుండానే మొదలుపెట్టింది.

“మీ నాయనకి పీతలంటే భయం.”

శీనయ్య చేతిలో ముద్ద ఆగిపోయింది.

“వలలో సొరచేప పడితే పట్టుకోని లాగేవోడు. పీత కనపడితే పడవలో ఈ కొస నుంచి ఆ కొసకి దూకేవోడు. పెళ్ళైన కొత్తలో నాకు తెలీలా. పీతల బుట్ట తీసుకొచ్చి ఆయన పక్కన పెట్టినా. ఒకటి పాక్కోని వచ్చి పంచె పట్టుకునింది. పంచె అక్కడే వదిలేసి వీధిలోకి పారిపోయినాడు. ఊరంతా చూసినారు. మూడు దినాలు గుమ్మం దాటలా సిగ్గుకి.”

ఇంత పొడుగు మాట ఆమె నోట వినడం మా ఇద్దరికీ అదే మొదటిసారి. నేను పొట్ట పట్టుకుని నవ్వుతున్నాను. శీనయ్య నవ్వుతూనే ఉన్నాడు, కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి. నాన్న ఎలాంటి మనిషో ఆయనకు తెలియదు. ఒక్క పాత ఫోటో తప్ప ఏమీ లేదు. చెప్పగలిగిన ఒక్క మనిషికి చెప్పే ఊపిరి లేకపోయింది.

“ఇంకా చెప్పుమా” అన్నాడు పిల్లవాడిలా.

“అన్నం తిను. సాయంత్రం చెప్తా” అంది. సాయంత్రం చెప్పింది. మర్నాడూ చెప్పింది.

ఇది చదివేవాళ్ళలో ఎవరికైనా నీలం పఫ్ ఊరికే అయిపోతుంటే దాచుకోకండి, డాక్టరుకు చూపించండి. ఇంట్లో ఎవరైనా నడుస్తూ నడుస్తూ మునగచెట్లు చూస్తుంటే, వయసని వదిలేయకండి. నాకు తెలిసింది ఇంతే.

వేట మళ్ళీ మొదలైంది. ఇప్పుడు మా అత్త రోజూ ఒడ్డుకు వస్తుంది. నెమ్మదిగానే నడుస్తుంది, దిబ్బ దగ్గర ఒకసారి ఆగుతుంది. ఆగితే ఆగిందని చెబుతుంది, పడవలు చూడదు. బుట్టల ఆడవాళ్ళ మధ్య కూర్చుని కథలు అందుకుంటుంది. వాళ్ళకు ఆమె మాటలంటే అంత ఇష్టం. పోయిన వారం రొయ్యల పాట నడుస్తుంటే, కొనాల్సిన వాళ్ళంతా నాకు వీపు పెట్టి ఆమె చుట్టూ చేరారు. ఒకటోసారి అని అరిచాను. ఎవరూ తిరగలేదు. రెండోసారి అని ఇంకా గట్టిగా అరిచాను.

“అత్తా! కాసేపు ఆపత్తా, పాట నడస్తా ఉండాది!”

ఆమె తల కూడా తిప్పలేదు. చెయ్యెత్తి నన్నే ఆగమన్నట్టు చూపించింది.

“ఇన్నేళ్ళు నేనాగినా గదమే. కాసేపు నువ్వాగు.”

ఒడ్డంతా నవ్వింది. నేను రొయ్యల గుట్ట పక్కన ఇసకలో కూర్చుని, ఆమె చెప్పడం అయ్యేదాకా విన్నాను.